మామ్మ నూతిలో మందు

బాపట్లలో ఇల్లూ దొడ్డీ మా నాన్న పేర రాసి ఉన్నా, దొడ్లో నుయ్యి మాత్రం మామ్మది. ఆ సంగతి ఏ దస్తావేజులోనూ లేదు గాని వీధిలో అందరికీ తెలుసు. సముద్రం దగ్గర కావటాన మా చుట్టుపక్కల నూతుల్లో చాలావాటిలో ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. మా నూతిలో మటుకు తియ్యటి నీళ్ళు పడ్డాయి. ఎందుకు పడ్డాయో ఎవరికీ తెలియదు. మామ్మని అడిగితే, "నేను శుభ్రంగా ఉంచుతాను గనక" అనేది.

తెల్లారేసరికి వీధి వీధంతా బిందెలు పట్టుకుని మా దొడ్లోకి వచ్చేది. వచ్చినవాళ్ళు మామ్మ చట్టాలకి లోబడాలి. ఎవరి చేద వాళ్ళు తెచ్చి నూతిలో వెయ్యకూడదు. మా గిలక మీద, మా చేంతాడుతో, మా ఇత్తడి చేదతోనే తోడుకోవాలి. కాళ్ళు కడుక్కోకుండా చప్టా ఎక్కకూడదు. అక్కడ నిలబడి పళ్ళు తోముకోవటం, పిల్లలకి నీళ్ళు పొయ్యటం, ఇంట్లో మిగిలిపోయిన పోట్లాట తెచ్చి పూర్తి చేసుకోవటం కుదరదు. తల విరబోసుకుని వచ్చినావిడ ఎంతటివారి కోడలైనా ఖాళీ బిందెతో వెనక్కి పోవాల్సిందే. వెనకసందు నుంచి వచ్చేవాళ్ళకి ఇంకో చట్టం. వాళ్ళు చప్టా దరిదాపులకి రాకూడదు. ప్రహరీ గోడకి అవతల నిలబడి బిందె ఎత్తి పట్టుకుంటే, మామ్మ ఇవతల నుంచి పైకెత్తి పోసేది. మునిసిపాలిటీలో వీధులూడ్చే ఒకావిడ రోజూ అలా పట్టుకెళ్ళేది. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది గాని, అప్పుడు నాకది అన్యాయమని తోచలేదు. తోచనందుకు సిగ్గుపడటం తర్వాతెప్పుడో నేర్చుకున్నాను.

వీధిలోవాళ్ళు మామ్మని వెనకాల ఆడిపోసుకునేవాళ్ళు. కలెక్టరు దగ్గరికైనా ధైర్యంగా వెళ్ళచ్చు గాని ఈ నూతి దగ్గరికి వెళ్ళలేం అనుకునేవాళ్ళు. అయినా ఒక్కరూ మానలేదు. ఆవిడ మాట వింటే మంచినీళ్ళు దొరుకుతాయి, పైగా ఆ నీళ్ళు తాగితే ఏమీ కాదన్న నిశ్చింత దొరుకుతుంది. అందుకోసం తల ముడుచుకుని, నోరు మూసుకుని, కాళ్ళు కడుక్కునేవాళ్ళు. ప్రభుత్వమంటే ఏంటో నాకు పుస్తకాల్లో చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. చూపించింది మటుకు మా మామ్మే.

నేను తెనాలిలో పుట్టి పెరిగాను. ట్రైనింగ్ అయ్యాక, అరవైల నడుమ, నా ఇరవై రెండో ఏట బాపట్లలో మునిసిపల్ బళ్ళో పంతులమ్మగా చేరి మామ్మ దగ్గర ఉన్నాను. నాన్న అప్పుడు రేపల్లెలో పనిచేస్తున్నాడు. అమ్మా ఆయనా అక్కడే. ఉద్యోగంలో చేరిన రోజు ఏవేవో కాగితాల మీద సంతకాలు పెట్టమంటే చదవకుండానే పెట్టేశాను. ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాననీ, ఏ పని చెబితే ఆ పని చేస్తాననీ వాటిలో ఉందని తర్వాత తెలిసింది. నెల తిరిగేసరికి జీతం వస్తుంది, ఎవరి మొహమూ చూడక్కర్లేదు అన్న సంతోషంలో అదేమంత పెద్ద విషయంగా కనిపించలేదు.

రెండో ఏడు వానాకాలంలో ఊరి చివర పేటల్లో కలరా తగిలింది. వాంతులూ విరేచనాలతో మనుషుల్ని ఆసుపత్రికి రిక్షాల్లో తెస్తున్నారని రోజూ వార్త. ఊళ్ళో ఉన్న ప్రతి మనిషికీ సూదిమందు, ప్రతి మంచినీళ్ళ నూతిలోనూ బ్లీచింగ్ పౌడరు వెయ్యాలని ఆర్డరు వచ్చింది. ఏ ఇంట్లో ఏ నుయ్యి ఉందో, దాన్ని దేనికి వాడుతున్నారో జాబితా రాసే పని పంతుళ్ళకి అప్పగించారు. మా వీధి నాకు పడింది.

మాకు పనిచెప్పిన శానిటరీ ఇన్‌స్పెక్టరుగారు నడివయసు మనిషి. ఖాకీ నిక్కరు, నెత్తిన టోపీ, ఎప్పుడూ చెమట. గట్టిగా మాట్లాడటం ఆయనకి చేతకాదు. "పౌడరు బస్తాలు తక్కువగా వచ్చాయమ్మా. తాగే నూతులకే పోస్తాం. మొక్కలకీ బట్టలకీ వాడే నూతుల్ని వదిలేసి, పొరపాటున ఎవరూ తాగకుండా గోడ మీద ఎర్రరంగుతో రాయించేస్తాం. మీరెలా రాస్తే అలా. నేను మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి చూడలేను" అన్నాడు.

ఆ సాయంత్రం మామ్మతో సంగతి చెప్పాను. ఆవిడ వత్తులు చేసుకుంటోంది.

"మన నూతిలో ఎవరూ ఏమీ పొయ్యక్కర్లేదు" అంది, తలెత్తకుండా.

"కలరా వస్తోంది మామ్మా. మన మంచికేగా చెప్పేది."

"నా నూతి నీళ్ళు తాగి ఈ వీధిలో ఎవరికన్నా కడుపునొప్పి వచ్చిందా, చెప్పు."

"రాలేదు."

"మరి ఇన్నేళ్ళూ చూసుకున్నది నేనా, మునిసిపాలిటీయా?"

"నువ్వే."

"ఇంక వాళ్ళెందుకే మధ్యలో? ఇవాళ నూతిలో తొంగి చూసినవాడు రేపు వంటింట్లో తొంగి చూడడా?"

నిజం చెప్పాలంటే ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. చాలా ఏళ్ళ తర్వాత, డెబ్బైల్లో, రేపల్లెకి బదిలీ అయినప్పుడు తుపాను హెచ్చరిక వస్తే సముద్రం ఒడ్డు ఊళ్ళవాళ్ళని బళ్ళోకి తరలించే పని మాకు పడింది. అడవులదీవి వైపు ఒక ముసలాయన గుంజ పట్టుకుని, "నా గుడిసె, నా ప్రాణం, మధ్యలో మీరెవరమ్మా" అన్నాడు. పక్కనున్న కుర్ర ఉద్యోగికి కోపం వచ్చింది. నాకు రాలేదు. ఆ గొంతు నేను ముందే విన్నాను.

మామ్మ బాధ మొండితనం ఒక్కటే కాదు. ఆవిడకి మడి ఉంది. తడిబట్టతో తోడిన ఆ నీళ్ళతోనే దేవుడికి వండి, ఆ తర్వాతే తను ఒక్కపూట తినేది. ఎవరో తయారుచేసిన మందు, ఎవరి చేతులతోనో నూతిలో పడితే ఆ నీళ్ళు ఇంక ఆవిడకి నీళ్ళు కావు. "పోస్తే పొయ్యనీ. ఆ పూట నుంచి నేను నీళ్ళు ముట్టను" అని వత్తుల పళ్ళెం పక్కన పెట్టింది. అన్నంత పనీ చేసే మనిషి. ఒకసారి మా పెదనాన్న ముచ్చటపడి కిరసనాయిలు స్టవ్వు కొనుక్కొచ్చి వంటింట్లో పెడితే మూడు రోజులు అరటిపళ్ళతో గడిపింది. స్టవ్వు కొన్న చోటికే వెళ్ళిపోయింది.

అరటిపళ్ళతో మూడు రోజులుండచ్చు. నీళ్ళు లేకుండా ఎన్నాళ్ళుంటుంది? డెబ్బై దాటిన మనిషి. రాత్రంతా అదే ఆలోచించి, పొద్దున్నే బడికి వెళ్ళి జాబితాలో మా ఇంటి ఎదురుగా, "మొక్కలకు, బట్టలకు మాత్రమే" అని రాసేశాను. చేతిరాత ఎప్పటికన్నా గుండ్రంగా కుదిరింది.

ఆ మర్నాడు నేను బళ్ళో ఉండగా మనిషి వచ్చి ఎర్రరంగుతో మా వీధిగుమ్మం పక్కనా, నూతి గోడ మీదా "ఈ నీళ్ళు తాగరాదు" అని జానెడేసి అక్షరాలతో రాసిపోయాడు. ఇంటికొచ్చేసరికి మామ్మ ఆ అక్షరాల ముందు నిలబడి ఉంది. మందు పొయ్యనివ్వలేదని కక్షకట్టి రాయించారని ఆవిడ అనుకుంది. నేను అలా అనుకోనిచ్చాను. సున్నం కొట్టించేస్తానంటే, కేసవుతుందని భయపెట్టాను.

"పోతే పోయింది. నా నీళ్ళు నాకే ఉంటాయి" అంది.

నాకు తట్టనిది ఒకటుంది. మా వీధికి చదువొచ్చు. మా నూతి నీళ్ళు పరీక్ష చేశారట, పురుగులు బయటపడ్డాయట అని సాయంత్రానికల్లా పుకారు పుట్టింది. తెల్లారేసరికి అందరూ వీధి మొగలో కొత్తగా వేసిన కుళాయి దగ్గర బారు తీరారు. మామ్మ ఎప్పటిలాగే చీకటితోనే లేచి చప్టా కడిగి, చేద తోమి, చేంతాడు సర్ది కూచుంది. ఎవరూ రాలేదు. రెండోరోజూ రాలేదు. మూడోరోజు చప్టా మీద పాకుడు తోముతూ, "వీధిలో అందరూ బానే ఉన్నారా?" అని అడిగింది. ఉన్నారన్నాను. "మరైతే రారేంటే?" అంది. ఆవిడ గొంతులో ఆ బేలతనం నేనెప్పుడూ వినలేదు. అడిగేవాడు లేని నూతి పక్కన ఆవిడ ఉత్త ముసలమ్మలా కనిపించింది. అయినా నోరు విప్పలేదు. తప్పుడు జాబితా రాశానని తెలిస్తే ఉద్యోగం ఊడుతుందన్న భయం.

రాకపోకలు మానంది ఒక్క మనిషి, వెనకసందులో వీధులూడ్చే ఆవిడ. కుళాయి దగ్గర బారులో ఆవిడని అందరికన్నా వెనక్కి నెట్టేవాళ్ళు. ఆవిడ వంతు వచ్చేసరికి నీళ్ళు కట్టేసేవాళ్ళు. అందుకని ఎప్పటిలాగే చీపురు గోడకి ఆనించి, బిందె ఎత్తి పట్టుకునేది.

"అందరూ మానేశారు. నువ్వు వస్తున్నావేంటే? భయం లేదూ?" అని మామ్మ అడిగింది.

"మీ నుయ్యేగా మామ్మగారూ. మీరు తాగుతున్నారు, నాకేం భయమండి" అందావిడ. ముందు దోసిలి పట్టి కడుపునిండా తాగి, తర్వాత బిందె నింపుకుంది.

మామ్మ మొహం విప్పారింది. "సూది వేయించుకున్నావా?" అంటే ఆవిడ నవ్వింది. వేయించుకుంటే రెండు రోజులు జ్వరం, చీపురు ఎవరు పడతారండి అంది. సూది ఇచ్చేవాళ్ళు వచ్చినప్పుడు పక్కవీధికి తప్పుకుందట. నేను ఆ పక్కనే వసారాలో నిలబడి జడ వేసుకుంటూ అంతా విన్నాను. నేను సూది వేయించుకున్నాను. పైగా, రాయటానికి సిగ్గుగా ఉంది, ఆ వారం నేను మా నూతి నీళ్ళు తాగలేదు. బళ్ళో కుళాయి నీళ్ళు కడుపునిండా తాగి, ఇంటికి ఒక సీసాడు తెచ్చుకుని పుస్తకాల సంచిలో దాచుకునేదాన్ని. నూతి నీళ్ళలో ఏముందని కాదు. నేను రాసిన అబద్ధాన్ని నేనే నమ్మటం మొదలుపెట్టాను.

ఏడో రోజు ఆవిడ రాలేదు. మామ్మ చేద పట్టుకుని చాలాసేపు గోడవైపు చూసింది. పొద్దెక్కాక సందులోంచి ఎవరో చెప్పారు, ముందురోజు సాయంత్రం నుంచి వాంతులట, ఆసుపత్రిలో చేర్పించారట, కళ్ళు లోపలికి పోయాయట.

మామ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి నూతి గోడకి ఆనుకుని కూచుని ఉంది. "ఆ ఇన్‌స్పెక్టర్ని రమ్మను. మందు పొయ్యమను" అంది.

అప్పుడు చెప్పేశాను. జాబితా సంగతి, ఎర్ర అక్షరాల సంగతి, అన్నీ. చెప్పటం అయ్యాక ఆవిడ నా వంక చూసింది.

"నా కోసం రాశావా?"

"ఊఁ."

"నేనడిగానా?"

నేను పుస్తకాల సంచి కింద పెట్టి ఆవిడ పక్కన కూచున్నాను.

"నేను నీళ్ళు మానేస్తే పోయేది నేనొక్కదాన్నే కదే" అంది. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ తిట్టలేదు. తిట్టుంటే బావుండేది.

ఇన్‌స్పెక్టరుగారి దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన జాబితా తీసి, నా గుండ్రటి అక్షరాల మీద చిన్నగా గీత కొట్టి, పైన "మంచినీళ్ళ నుయ్యి" అని తనే రాశాడు. "ఈ వీధికి వస్తే నేనూ మీ మామ్మగారి నీళ్ళే తాగుతానమ్మా. మీ రాత చూసి ఆశ్చర్యపోయాను. పంతులమ్మ రాసిందంటే ఏదో కారణం ఉండే ఉంటుందనుకున్నాను" అన్నాడు. నాకు ఆయన కళ్ళలోకి చూడటం చాతకాలేదు. మీ నుయ్యి వల్లే ఆవిడకి వచ్చిందా, వాళ్ళ పేటలో గుంట వల్ల వచ్చిందా అని ఎవరూ చెప్పలేరని కూడా అన్నాడు. అది నన్ను ఓదార్చటానికి అన్నాడో, నిజమే అన్నాడో తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టరుగారి వెంట పౌడరు డబ్బాతో వచ్చిన మనిషి ఆ ఆసుపత్రిలో ఉన్నావిడ భర్త. అతనిదీ మునిసిపాలిటీలోనే పని. వీధివాళ్ళంతా దొడ్లోకి వచ్చి గోడల వెంబడి నిలబడ్డారు. అతను చప్టా దాకా వచ్చి ఆగిపోయాడు. అన్నేళ్ళలో అతను గోడకి ఇవతల అడుగుపెట్టలేదు.

మామ్మకి ఆ క్షణం ఎంత కష్టమో నాకు తెలుసు. కాసేపటికి, "కాళ్ళు కడుక్కుని ఎక్కు" అంది. అందరికీ చెప్పే మాటే అతనికీ చెప్పింది. అతను చెంబుడు నీళ్ళు కాళ్ళ మీద పోసుకుని చప్టా ఎక్కి, బకెట్లో పౌడరు కలిపి, తేరిన నీళ్ళు నూతిలో పోశాడు. ఘాటు వాసన దొడ్డంతా నిండింది.

"అరగంట ఆగి తాగచ్చండి" అని ఇన్‌స్పెక్టరుగారు అందరికీ చెప్పాడు. ఎవరూ కదల్లేదు. ఆయన మామ్మ దగ్గరికి వచ్చి మెల్లిగా, "నా మాట వీధి నమ్మదండి మామ్మగారూ. మీరు తాగితే తాగుతారు" అన్నాడు.

అరగంటా మామ్మ చప్టా మీదే నిలబడింది. తర్వాత చేద వేసి తోడి, చెంబులోకి వంపుకుని, గటగటా తాగేసింది. చెంబు దించేసరికి ఆవిడ కళ్ళల్లో నీళ్ళున్నాయి. నలభై ఏళ్ళు కాపాడుకున్న మడిని వీధి కోసం వదిలేసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

"వెగటుగా ఉంది. అయినా తాగచ్చు" అంది మామ్మ. తర్వాత గోడవెంబడి నిలబడ్డ వీధివాళ్ళ వంక చూసి, "చూస్తారేంటర్రా, బిందెలు తెచ్చుకోండి. కాళ్ళు కడుక్కుని రండి" అంది.

ఆ రోజు నుంచి దేవుడికి మటుకు కొబ్బరినీళ్ళతోనే కానిచ్చింది. అదేంటని అడిగితే, "ఆయనకి కలరా రాదుగా, మందెందుకు?" అంది.

రెండు వారాలకి ఆసుపత్రి నుంచి ఆవిడ ఇంటికొచ్చింది. ఆ పై వారం ఒకరోజు పొద్దున్నే గోడ అవతల బిందె చప్పుడైంది. చూస్తే ఆవిడే. బుగ్గలు పీక్కుపోయాయి, చేతిగాజులు మోచేతి దాకా జారుతున్నాయి. బిందె ఎత్తబోయి ఆగి, "మందు పోశారా మామ్మగారూ?" అని అడిగింది. ఇదివరకు ఆ నూతి గురించి ఆవిడ ఏమీ అడిగేది కాదు.

"పోశారు. నేనూ అవే తాగుతున్నాను" అంది మామ్మ.

నేను వసారాలోంచి గోడ దగ్గరికి వెళ్ళాను. మామ్మ వద్దన్నట్టు చూసింది గాని నేను ఆగలేదు. ఎర్రరంగు రాత నా వల్లే పడిందని, నేనే అబద్ధం రాశానని, అందుకే మా నూతిలో మందు పడలేదని చెప్పాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. అర్థం కానట్టు కాసేపు నా మొహం చూసింది.

"గోడమీద రాసింది మాకేం తెలుస్తుందండి, మాకు చదువొచ్చా?" అంది. "మీరు రోజూ ఇక్కడే నిలబడి జడేసుకుంటా ఉండేవారు కదండి పంతులమ్మగారూ. తాగమాకే అని ఒక్క మాటంటే పోయేది."

ఆ ఒక్క మాట అనటానికి నాకు ఆరు పొద్దులు దొరికాయి.